ఉప్పుడు మిల్లు, తరుగు ఖాతా

కిందటి నెల పనిమీద ఎర్నాకుళం వెళ్ళాను. మధ్యాహ్నం ఆకలేసి రోడ్డు పక్క హోటల్లో కూర్చుంటే, వడ్డించే కుర్రాడు అరిటాకులో లావుపాటి ఉప్పుడు బియ్యం అన్నం గుమ్మరించాడు. ఆవిరి మొహానికి తగలగానే నా చెయ్యి ఆగిపోయింది. నానిన వడ్ల పులుపు, ఉడికిన పొట్టు కమ్మదనం కలిసిన వాసన అది. వండాక చాలామటుకు పోతుంది, మామూలువాళ్ళకి తెలియను కూడా తెలియదు. ఆ వాసనలో కొన్నేళ్ళు బతికినవాడికి ఒక్క ముద్ద చాలు.

చెయ్యి కడుక్కోవడానికి వెనక్కి వెళ్తే వంటింటి గోడ వారన ఖాళీ బియ్యం సంచులు దొంతరగా ఉన్నాయి. పైన మలయాళం అక్షరాలు, కింద చిన్నగా ఇంగ్లీషులో మండపేట అని.

మా ఇంట్లో ఉప్పుడు బియ్యం ఎప్పుడూ వండలేదు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, మా వైపు పండే బొండాలనే లావు వడ్లు మేం తినడానికి కాదు, కేరళకి పంపడానికి. మండపేట, రామచంద్రపురం, అనపర్తి, బిక్కవోలు చుట్టూ ఉన్న మిల్లులు వాటిని నానబెట్టి, ఉడకబెట్టి, ఎండబెట్టి, ఆడించి లారీలకి, వ్యాగన్లకి ఎక్కించేవి. వాటిలో ఒకదాంట్లో నేను గుమస్తాగా పనిచేశాను. ఏ మిల్లో చెప్పను. ఆ మిల్లు ఇంకా ఉంది, అందులో పనిచేసేవాళ్ళూ ఉన్నారు.

గోదావరి జిల్లా అనగానే అందరికీ కొబ్బరితోటలు, లంకలు, పూతరేకులు గుర్తొస్తాయి. నాకు ముందు ఊక బూడిద గుర్తొస్తుంది. బాయిలర్ గొట్టంలోంచి లేచి, సన్నగా నల్లగా, ఆరేసిన పంచెల మీదా, విస్తట్లో మజ్జిగ మీదా వాలేది. సాయంత్రం ఇంటికెళ్ళి మొహం కడుక్కుంటే కనురెప్పల నుంచి నలుపు కారేది. అమ్మ "కాటుక పెట్టుకొచ్చావురా" అనేది.

*

నేను అందులో చేరడానికి దరఖాస్తూ లేదు, ఇంటర్వ్యూ లేదు. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాను. నాన్న కౌలు రైతు, ఆ మిల్లుకే ధాన్యం తోలేవాడు. ఓ రోజు కాటా దగ్గర నిలబడి "మావాడికి లెక్కలు బాగా వచ్చండి" అన్నాడట. షావుకారు గారు "రేపట్నుంచి రమ్మనవోయ్" అన్నారట. జీతం ఎంతని నాన్న అడగలేదు. అడిగితే బాగోదని ఆయన ఉద్దేశం. నెల తిరిగాక నా చేతిలో 500 రూపాయలు పెడితే, నా జీతం ఎంతో నాకూ అప్పుడే తెలిసింది.

మొదటి రోజు షావుకారు గారు నన్ను పిలిచి కాఫీ ఇప్పించి ఓ మాట అన్నారు.

"దీన్ని ఉద్యోగం అనుకోకురా అబ్బాయ్. ఇకనుంచి నువ్వు మా ఇంట్లో మనిషివి."

నాకు నిజంగానే సంతోషం వేసింది. ఇంటికెళ్ళి చెప్తే నాన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ మాట ఆయన మిల్లులో అందరితోనూ అనేవారని తర్వాత తెలిసింది. డ్రైవర్‌తో, వాచ్‌మన్‌తో, కళ్ళం ఊడ్చే ముసలమ్మతో సహా. ఆయన చెడ్డమనిషి అనను. పెళ్ళిళ్ళకి పిలిస్తే వచ్చేవారు, జబ్బు చేస్తే ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చునేవారు. పండగకి వాళ్ళింటి నుంచి గిన్నెలతో పులిహోర, బొబ్బట్లు వచ్చేవి. చిక్కల్లా ఏమిటంటే, ఇంట్లో మనిషి జీతం పెంచమని ఎలా అడుగుతాడు? ఇంట్లో మనిషికి ఆదివారం సెలవేమిటి? రాత్రి పదింటిదాకా లోడింగ్ ఉంటే ఓవర్‌టైమ్ అని ఎవరినడుగుతాడు, అన్ననా, బాబాయినా?

*

ఆఫీసు అంటే రెండు గదులు. ముందు గదిలో గల్లాపెట్టె, టెలిఫోను, గోడకి లక్ష్మీదేవి పటం. వెనక గదిలో మేము. ఎర్రగుడ్డ అట్టల ఆవర్జాలు, చిట్టాలు, కాటా పుస్తకాలు. ఉగాదికి కొత్త పుస్తకాలకి పసుపు రాసి, మొదటి పేజీలో శ్రీరామ అని రాసేవాళ్ళం.

ఆ గదికి రాజు పెద్ద గుమస్తా గారు. నేను బాబాయి గారూ అని పిలిచేవాణ్ణి. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, చెవిమీద పెన్సిలు. ఆయన దస్తూరీ ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. అంకెలన్నీ ఒకే ఎత్తులో, గీత కొట్టాల్సివస్తే స్కేలు పెట్టి మరీ. కాలిక్యులేటర్ ఆయన సొరుగులో ఉండేది కానీ దాన్ని నమ్మేవాడు కాదు. మేం మెషీన్ మీద కూడిందాన్ని ఆయన నోటితో మళ్ళీ కూడేవాడు. పెదాలు కదిలేవి, చప్పుడు వచ్చేది కాదు.

పొద్దున్న తొమ్మిదికల్లా కేరళ బ్రోకర్లకి ఫోన్లు. అలప్పుళలోనో ఎర్నాకుళంలోనో ఉన్న బ్రోకరు ఇంగ్లీషు, తమిళం, తెలుగు కలిపి ఏదో అనేవాడు, ఈయన అదే పద్ధతిలో జవాబిచ్చేవాడు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు. అయినా రేటులో అర్ధరూపాయి కోసం ఇరవై ఏళ్ళు పోట్లాడుకున్నారు.

షావుకారు గారి అబ్బాయిని చిన్నప్పుడు బడికి సైకిలు మీద దింపింది ఈ పెద్ద గుమస్తా గారే. ఆ అబ్బాయి పెద్దయి, మద్రాసులో చదువుకుని వచ్చి, తండ్రి కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "ఏమయ్యా, నిన్నటి స్టాకు తేలిందా?" అనేవాడు. ఈయన లేచి నిలబడి "ఆయ్, తేలిందండి చినబాబు గారూ" అనేవాడు. ఇంటి మనుషులమే, కానీ నువ్వు అనడం ఒకవైపు నుంచే.

*

వడ్లు ఉప్పుడు చేయడం చూడనివాళ్ళకి చెప్పాలి. పెద్ద సిమెంటు తొట్లలో వడ్లు పోసి వేడినీళ్ళు పెట్టేవారు. మేం చేరేనాటికి వేడినీళ్ళ పద్ధతి వచ్చింది కాబట్టి నాలుగైదు గంటల్లో నానేవి. అంతకుముందు చన్నీళ్ళలో రెండుమూడు రోజులు నానేవట, అప్పటి కంపు ముందు ఇప్పటిది అత్తరు అని బాయిలర్ తాత అనేవాడు. నానాక బాయిలర్ నుంచి ఆవిరి పెడితే వడ్లు పొట్టు విచ్చుకుని ఘుమ్మనేవి. అప్పుడు కళ్ళం మీదకి.

కళ్ళం అంటే ఎకరాల సిమెంటు నేల. ఆ పొగలు కక్కే వడ్లని దానిమీద పరిచి, ఆడవాళ్ళు వరసగా కాళ్ళతో చాళ్ళు తీస్తూ తిరగేసేవారు. ఒకరి వెనక ఒకరు, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, తలకి తుండుగుడ్డ చుట్టి. వైశాఖం ఎండలో, కింద సిమెంటు, పైన సూర్యుడు, మధ్యలో వేడి వడ్లు. పాదాలు గట్టిపడి పగుళ్ళలో నూక ఇరుక్కునేది. వాళ్ళ కాళ్ళ కింద వడ్ల చప్పుడు ఆఫీసులోకి వినిపించేది. ఏ చాలు ఎండిందో, ఏది ఇంకా చెమ్మగా ఉందో మేస్త్రమ్మ ఆ చప్పుడును బట్టే చెప్పేది. మా మాయిశ్చర్ మీటర్ తర్వాత అదే అంకె చూపించేది.

మబ్బు పడితే చూడాలి. ఎవరు చెప్పినా చెప్పకపోయినా అందరూ పరుగే. గుప్పలు చేసి, బరకాలు కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టి. అన్నం తింటున్నవాళ్ళు చేతులు కడుక్కోకుండా లేచేవారు. వాన వెలిస్తే మళ్ళీ పరుపు. అలాంటి రోజున రెండుసార్లు పని జరిగినా కూలి ఒకటే. వాన పడి కళ్ళం ఆరకపోతే ఆ రోజు కూలి సగం. మగ కూలీకి, ఆడకూలీకి తేడా ఎలాగూ ఉంది. సమానపనికి సమాన వేతనం అని 1976లోనే చట్టం వచ్చిందని నాకు చాలాకాలం తర్వాత, బ్యాంకు పరీక్షకి చదువుతుంటే తెలిసింది. కళ్ళం మీద ఆ సంగతి ఎవరికీ తెలియదు, తెలిసినవాళ్ళు చెప్పలేదు.

ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని కబురు ముందే వచ్చేది. వెంటనే మేస్త్రమ్మ ఈల వేసేది. ఆడవాళ్ళంతా మిల్లు వెనక కొబ్బరితోటలోకి. ఆయన జీపు దిగి, ఆఫీసులో కూర్చుని, కొబ్బరిబోండం తాగి, హాజరు పట్టీ తిరగేసి సంతకం పెట్టేవాడు. పట్టీలో 19 పేర్లు. ఏ ఏడాది చూసినా 19. మిల్లులో యాభైమందికి పైగా మనుషులు తిరుగుతుండేవారు. 20 మంది అయితే ప్రావిడెంట్ ఫండ్ కట్టాలి కదా, అందుకని.

తోటలోకి వెళ్ళినవాళ్ళు మాత్రం ఆ గంటనీ వదులుకునేవారు కాదు. చింతకాయలు, ఉప్పు, కబుర్లు, జోకులు. ఇన్‌స్పెక్టర్ని అనుకరించే ఒకావిడ ఉండేది. బుగ్గలు పూరించి, పొట్ట ముందుకి పెట్టి, లేని మీసం దువ్వుతూ నడిచేది. జీపు వెళ్ళిపోయాక ఆ నవ్వులు ఆఫీసుదాకా వినపడేవి. పెద్ద గుమస్తా గారు తల ఎత్తకుండానే నవ్వుకునేవాడు.

ఆ పట్టీలో ఆయన పేరు కొన్నేళ్ళు ఉండేది, కొన్నేళ్ళు ఉండేది కాదు. మొదట నాకు అర్థం కాలేదు. పాత పట్టీలు సర్దుతుంటే తేలింది. నాలుగేళ్ళకోసారి ఆయన పని మానేసినట్టు రాసి, కొన్ని నెలలు పోయాక మళ్ళీ కొత్తగా చేరినట్టు రాసేవారు. ఎందుకంటే అయిదేళ్ళు వరసగా పనిచేస్తే గ్రాట్యుటీ, అంటే పని మానేటప్పుడు యజమాని ఇవ్వాల్సిన డబ్బు, హక్కుగా వస్తుంది. ఆ రాతలన్నీ అందమైన దస్తూరీలో ఉన్నాయి. అంకెలన్నీ ఒకే ఎత్తులో. ఆయన్ని ఆయనే పనిలోంచి తీసేసుకుని, ఆయనే చేర్చుకున్నాడు. ఆ మానేసిన నెలల్లో కూడా కాటా పుస్తకంలో రోజూ ఆయన సంతకమే.

*

మిల్లు మొత్తంలో రేటు మాట్లాడుకుని పనిచేసినవాళ్ళు బస్తాలు మోసే ముఠా వాళ్ళొక్కరే. క్వింటాలు బస్తా వీపు మీద వేసుకుని, ఊగే చెక్కబల్ల మీద నడుస్తూ లారీ ఎక్కేవారు. వాళ్ళకి ఎర్రజెండా యూనియన్ ఉండేది. సంక్రాంతి ముందు బస్తాకి ఇంత పెంచాలని చెప్పేవారు. కుదరకపోతే ఇనప కొక్కేలు నడుముకి తగిలించుకుని చెట్టుకింద కూర్చునేవారు. రోడ్డు మీద లారీలు ఆగిపోయేవి, కేరళ నుంచి ఫోన్లు మోగేవి, చినబాబు గారు చిందులు తొక్కేవారు. మూడో రోజుకి రేటు తెగేది.

మేం గుమస్తాలం కిటికీలోంచి ఇదంతా చూస్తూ "వీళ్ళకి మర్యాద తెలీదు" అనుకునేవాళ్ళం. నిజం. మా తెల్లచొక్కాలకి అంత గౌరవం ఉందనుకున్నాం. సీజన్లో ముఠాలో గట్టివాడి రోజు సంపాదన మా వారం జీతాన్ని దాటేది.

ముఠా మేస్త్రి ఓసారి బీడీ వెలిగించుకుంటూ అన్నాడు. "గుమస్తా గారండి, మీకు కుర్చీ ఇచ్చారు చూడండి, అక్కడే పడిపోయారండి మీరు."

నాకు అప్పుడు కోపం వచ్చింది.

*

బాయిలర్ తాత సంగతి. పగలూ రాత్రీ ఊక ఎగదోస్తూ ఆ మంట ముందే ఉండేవాడు. ఆవిరి ఎంత ఉందో మీటరు చూడకుండా, గొట్టం కూతని బట్టి చెప్పేవాడు. ఉప్పుడు చేస్తే నూక తక్కువ పడుతుంది, క్వింటాలు వడ్లకి 68 కిలోల బియ్యం లెక్క. ఆ లెక్క తేలడం, తేలకపోవడం తన చేతిలోనే ఉందని ఆయనకి గర్వం. ఉడుకు ఎక్కువైతే బియ్యం ఎర్రబారుతుంది, తక్కువైతే మధ్యలో తెల్లమచ్చ ఉండిపోతుంది. కేరళ బ్రోకరు తెల్లమచ్చ చూస్తే సరుకు వెనక్కి పంపుతాడు.

ఓ రాత్రి వాల్వు దగ్గర ఆవిరి చిమ్మి ఆయన ముంజేయి ఉడికిపోయింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. షావుకారు గారు స్వయంగా వచ్చి చూసి, జేబులోంచి డబ్బు తీసి డాక్టరు చేతిలో పెట్టారు. తాత మంచం మీంచే దణ్ణం పెట్టాడు.

తెల్లారి చిట్టాలో ఆ డబ్బు ఎక్కించమని చినబాబు గారు చీటీ పంపారు. ఏ ఖాతాలో అంటే, తాత అడ్వాన్సు ఖాతాలో. వారం వారం కూలిలో కొంత కొంత పట్టుకున్నాం. పని చేయలేని రోజులకి కూలి లేదు. తాతకి ఈ సంగతి చదివి వినిపించాల్సివచ్చినప్పుడు ఆయన "పోన్లే బాబూ, ఆయన రాకపోతే ఆ డాక్టరు చెయ్యి పట్టుకునేవాడా" అన్నాడు.

*

ఇక అసలు విషయం, తరుగు.

రైతు ధాన్యం తోలుకొచ్చినప్పుడు మేం మొదట చూసేది చెమ్మ. ప్రభుత్వ కొనుగోలుకి 17 శాతం దాకా ఒప్పుకుంటారు. మా మిల్లులో 17 ఉన్నా 20 ఉన్నా బస్తాకి ఇంత తరుగు అని కోసేవాళ్ళం. 75 కిలోల బస్తాకి కిలో, కిలోన్నర, ఒక్కోసారి రెండు. రైతు గొణిగితే చినబాబు గారు ఓపిగ్గా లెక్క చెప్పేవారు. "ఎండితే తగ్గుతుందండి. 20 ఉన్న చెమ్మ 14కి దిగితే వంద కిలోలు 93 అవుతుంది. ఆ ఏడు కిలోలు నీళ్ళేగా, నీళ్ళకి డబ్బులెలా ఇస్తాం?" లెక్క సరైనదే. దానితోపాటు ధర్మం అని ఇంకో చిన్న కోత. రామాలయానికో, అన్నదానానికో అని బిల్లుకి ఇంత. ఎవరూ అభ్యంతరం చెప్పేవారు కాదు.

ఓ ఏడు దాళ్వా సీజన్ ఆఖర్న గోడౌన్లు ఖాళీ అయ్యాక పుస్తకంలో ఉన్న సరుకుకీ, నిజంగా తేలిన సరుకుకీ తేడా వచ్చింది. పెద్ద తేడానే. చినబాబు గారు ఆవర్జా బల్లమీద పడేసి "ఇది ఎవరు తిన్నారు?" అన్నారు.

పెద్ద గుమస్తా గారు పెన్సిలు తీశాడు. ఎండు లెక్క వేసి చూపించాడు. కొన్నప్పుడు సగటు చెమ్మ ఎంత, కాటా పుస్తకంలోంచి. ఎండాక ఎంత, మీటరు పుస్తకంలోంచి. వంద కిలోలకి ఇంత చొప్పున మొత్తం సరుకుకి ఇంత పోవాలి, పోయింది కూడా దాదాపు అంతే. రైతులకి చినబాబు గారు చెప్పే లెక్కే, ఒక్క అంకె తేడా లేకుండా.

"ఇవన్నీ నాకు చెప్పకు. బస్తాలు నీ కాటా మీదే వచ్చాయి, నీ కాటా మీదే వెళ్ళాయి."

"చినబాబు గారూ, నీళ్ళు ఆవిరైపోయాయండి."

"అయితే ఆ ఆవిరిని పట్టుకురా."

ఆ గదిలో నలుగురం ఉన్నాం. ఎవరూ నవ్వలేదు, ఎవరూ మాట్లాడలేదు. షావుకారు గారు అవతలి గదిలో పేపరు చదువుతున్నారు. పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది.

తేడాలో కొంత భాగం పెద్ద గుమస్తా గారి పేరున, ఇంకొంత కాటా దగ్గరుండే నా పేరున, మిగతాది గోడౌన్ కుర్రాడి పేరున రాశారు. నెలనెలా జీతంలో కోత. తరుగు ఖాతా అని కొత్త పేజీ తెరిచి, పైన శీర్షిక రాసింది పెద్ద గుమస్తా గారే. కింద స్కేలు పెట్టి గీత గీశాడు.

అప్పటికి నా జీతం 900. కోత పోగా చేతికొచ్చేది అమ్మకి చెప్పడానికి సిగ్గుగా ఉండేది. నాకు మండింది. ఆయనకి మాత్రం డబ్బు పోయినందుకు బాధ కాదు. "నేను తిన్నానని అన్నాడురా" అని కాలవగట్టు మీద సైకిలు నడిపించుకుంటూ నాతో చాలాసార్లు అన్నాడు. సైకిలు ఎక్కేవాడు కాదు, ఊరిదాకా నడిపించుకునే వెళ్ళేవాడు. ఆ వేళకి కాలవ నీళ్ళ మీద లాకుల దగ్గర నురగ కొట్టుకుపోతుండేది. చట్టప్రకారం ఏడాదికి కనీసం 8.33 శాతం, అంటే నెల జీతం, బోనస్ ఇవ్వాలని నేనెక్కడో చదివి ఆయనతో అన్నాను. "సంక్రాంతికి పంచె, చొక్కాగుడ్డ ఇస్తారుగా" అన్నాడు. నవ్వుతూ అన్నాడో, నిజంగానే అన్నాడో తెలియలేదు.

*

1996 నవంబరు తుపాను రాత్రి నేను మిల్లులోనే ఉన్నాను. దీపావళి ఇంక నాలుగు రోజులుంది. ఆ గాలి గురించి చాలామంది రాశారు, నేను కొత్తగా చెప్పేది లేదు. రేకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే ఆ చప్పుడుకి మాటలు వినపడలేదు. తెల్లవారేసరికి మిల్లు వెనక కొబ్బరితోట పడుకుని ఉంది. కోనసీమ వైపు ఊళ్ళకి ఊళ్ళే పోయాయని మధ్యాహ్నానికి తెలిసింది.

కళ్ళం ఆడవాళ్ళ ఇళ్ళు చాలావరకు తాటాకు కొంపలు. పైకప్పులు లేవు. అయినా తెల్లారి వాళ్ళు మిల్లుకి వచ్చారు. తడిసిన వడ్లు మొలకెత్తకుండా గోడౌన్లోంచి తీసి ఆరబోయాలి. కరెంటు లేదు, బాయిలర్ లేదు, అంతా చేతులతో, కాళ్ళతో. సరుకు చాలామటుకు దక్కింది.

ఆ వారం బీమా కంపెనీకి నష్టాల జాబితా రాసింది నేను. రేకులు ఇన్ని, మోటార్లు ఇన్ని, బస్తాలు ఇన్ని, బరకాలు ఇన్ని. షావుకారు గారు పక్కన కూర్చుని మరీ చెప్పించారు. క్లెయిము వచ్చింది. మిల్లు మూసిన రోజులకి కూలి అడగడానికి మేస్త్రమ్మ వస్తే, "మన ఇంట్లో పిడుగు పడితే కూలి అడుగుతామా అమ్మా" అన్నారు. చీరలు మాత్రం పంచారు.

*

నేను రాత్రిళ్ళు మిల్లు లైటు కింద బ్యాంకు పరీక్షకి చదివాను. అప్పట్లో బీఎస్‌ఆర్‌బీ అనేవారు. ఉద్యోగం వచ్చింది. మానేస్తానని చెప్తే షావుకారు గారు స్వీటు తెప్పించి ఆశీర్వదించారు. ఆఖరి నెల జీతం మాత్రం ఇవ్వలేదు. తరుగు ఖాతాలో నా బాకీ ఇంకా తీరలేదట. నాన్న గట్టిగా అడగొద్దన్నాడు. ధాన్యం తోలేది మళ్ళీ అక్కడికేగా.

బ్యాంకులో అన్నీ బాగున్నాయని కాదు. అక్కడి టెన్షన్లు, టార్గెట్లు, ట్రాన్స్‌ఫర్లు వేరే కథ. కానీ మొదటి నెల జీతం చీటీ చేతికొచ్చినప్పుడు దాన్ని చాలాసేపు చదివాను. ఏది ఎందుకు కోశారో పక్కన రాసుంది.

తర్వాత మిల్లులో డ్రయ్యర్లు వచ్చాయి. కళ్ళం పని తగ్గింది, ఆడవాళ్ళు చెదిరిపోయారు. రంగు తేడా ఉన్న గింజని ఏరేసే మెషీన్లు వచ్చాయి. మిల్లులు కొంత బియ్యం ప్రభుత్వానికి తప్పనిసరిగా అమ్మాల్సిన లెవీ పద్ధతి 2015లో ఎత్తేశారు. ముఠా వాళ్ళ పిల్లలు చదువుకుని వెళ్ళిపోతే బీహార్ కుర్రాళ్ళు వచ్చారు. మిల్లు వెనక షెడ్డులో ఉంటారు, జీతం కాంట్రాక్టరు చేతిమీదుగా. వాళ్ళని ఇంట్లో మనిషివి అని కూడా ఎవరూ అనరు, భాష రాదు కదా.

*

పెద్ద గుమస్తా గారు పోయినప్పుడు నేను విజయవాడలో ఉన్నాను. పెద్దకర్మకి వెళ్ళాను. డెబ్భై దాటేదాకా ఆ మిల్లులోనే చేశాడు. చూపు ఆనక మానేశాడు. ఆఖరి జీతం 9,000.

భోజనాలయ్యాక పిన్నిగారు, చిన్నకొడుకు నన్ను పక్క గదిలోకి పిలిచారు. మిల్లు నుంచి ఏమైనా వచ్చిందా అని నేనే అడిగాను. షావుకారు గారు ఎప్పుడో పోయారు. చినబాబు గారు దండ పంపించి, దినాలకి బియ్యం బస్తా ఇచ్చారట.

నేను కాగితం తీసి గ్రాట్యుటీ లెక్క వేశాను. ఏడాదికి 15 రోజుల జీతం, నెలని 26 రోజులుగా లెక్కకట్టాలి. అన్నేళ్ళూ వద్దు, 30 ఏళ్ళే అనుకున్నా 1,55,769 రూపాయలు. మనిషి పోయినా వారసులకి రావాలి. ఆలస్యమైనంత మాత్రాన హక్కు పోదు. మిల్లువాళ్ళు ఇవ్వకపోతే లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టుకోవచ్చు.

"పట్టీలో పేరు లేదంటారేమోనండి" అన్నాడు చిన్నకొడుకు. వాడికి అంతా తెలుసు.

"పట్టీలో లేకపోతేనేం? ముప్పై ఏళ్ళ ఆవర్జాలు, కాటా పుస్తకాలు, అన్నీ మీ నాన్న చేతిరాతే. ఆ పుస్తకాలు తెమ్మంటే తేవాలి."

పిన్నిగారు అంతా విన్నారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "బాబూ, వీడి ట్రాక్టరు ఆ మిల్లు ఊక తోలుకుంటూనే తిరుగుతోంది. రేపు గేటు దగ్గర ఆపేస్తే?"

నాకు జవాబు దొరకలేదు. ఫారాలు తెచ్చి ఇచ్చాను. ఎలా నింపాలో పెన్సిలుతో గుర్తులు పెట్టాను. వాళ్ళ ఇష్టమని చెప్పి వచ్చేశాను.

కొన్ని నెలల తర్వాత చిన్నకొడుకు ఫోన్ చేశాడు. సంగతి ఎలాగో చినబాబు గారి చెవిన పడిందట. అమ్మని పిలిపించి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, పాతికవేలు చేతిలో పెట్టి, ఇంకేమీ రావలసింది లేదని రాసిన కాగితం మీద సంతకం చేయించుకున్నారట.

"ఆ సంతకం చట్టం ముందు నిలవదురా, ఇప్పుడైనా అర్జీ పెట్టొచ్చు" అన్నాను.

"అమ్మ ఒప్పుకోదండి. ఇంట్లో మనుషుల్లా చూశారు కదా అంటోంది."

"సరే, ఆ డబ్బు ఏ ఖాతాలో రాసుకున్నారో చూశావా?"

వాడు కాస్త ఆగి చెప్పాడు. "వోచరు మీద ధర్మం ఖాతా అని ఉందండి."

రైతుల బిల్లుల్లో కోసిందే. అందులో మా నాన్న బస్తాలవి కూడా ఉంటాయి.